చార్జి ఎక్కని ఇంజను

ఎమ్మిగనూరు,
10 జులై 1983, ఆదివారం

సేతు కాకకు తార నమస్కారాలు.

మీరు బస్సులో పంపిన అట్టపెట్టె బుధవారం అందింది. కండక్టరు బసన్న స్కూలు దాకా వచ్చి, "టీచరమ్మా, ఆదోని స్వామి ఇచ్చినాడు, తలకిందులు చేయొద్దన్నాడు" అని చెప్పి ఇచ్చాడు. తలకిందులు చేయలేదు.

విప్పగానే గుర్తుపట్టాను. నా ఏడో ఏట మీరు రేకుతో చేసిన ఆకుపచ్చ ఇంజను. అప్పుడు మూడు టార్చి సెల్లులతో నడిచేది. ఇప్పుడు లోపల నాలుగు చిన్న సెల్లులు ఉన్నాయి. దానికొక చెక్క షెడ్డు, షెడ్డుకొక కరెంటు తీగ కూడా ఉన్నాయి. మీ చీటీలో, "ఇవి పారేసే సెల్లులు కావు. అయిపోతే షెడ్డులో పెట్టి చార్జి చేసుకోవచ్చు" అని రాశారు. చీటీలో అంతకంటే ఏమీ లేదు.

వచ్చిన రోజు వసారాలో ఈ కొస నుంచి ఆ కొసకు నడిచింది. నేను అద్దెకుంటున్న ఇంటివాళ్లు నేతపని వాళ్లు, ఓబులేసు, సావిత్రమ్మ. ఇద్దరూ మగ్గం ఆపి చూశారు. ఇరవై నిమిషాలకు మెల్లగా అయి ఆగిపోయింది. నిన్న సాయంత్రం షెడ్డులో పెట్టాను. ఎర్ర దీపం వెలిగింది. పొద్దున తీస్తే కదల్లేదు. ఓబులేసు, "మా ఊరికి రైలు రాదు రాదంటే ఇప్పుడొచ్చింది, వచ్చి నిలబడిపాయ" అన్నాడు.

మీ ఇంజను పాడుచేశానేమో అని భయంగా ఉంది. ఏం చేయాలో తెలిస్తే రాయండి. మీకు తీరిక లేకపోతే అక్కర్లేదు.

ఆ ఇంట్లో నా వస్తువులు ఇంకేమైనా మిగిలి ఉన్నాయా?

తార


ఆదోని,
15 జులై 1983

చి. తారకు కాక దీవెనలు.

జాబు చేరింది. నీ అక్షరం పోయిన మా అన్న, మీ నాయన, అక్షరం మాదిరే ఉంది. కవరు మీద చూసి రెండు నిమిషాలు చింపలేదు.

ఇంజను నువ్వు పాడు చేయలేదు. రైలు పెట్టెల్లో దీపాలకు బ్యాటరీలు చార్జి చేసే పనే నేను ముప్పై ఏండ్లు చేసినాను. అందులో నేర్చుకున్నది ఒకటే. ఏది బాగుందో ముందు తేల్చుకోవల్ల, అప్పుడు బాగలేనిది తనంతట తానే బయట పడుతుంది. అందుకే ఒక్కొక్కటి చూస్తాము.

ఇంజను ముఖాన, దీపం కింద, రెండు ఇత్తడి బొడిపెలు ఉన్నాయి. షెడ్డు లోపలి గోడకు రెండు ఇత్తడి పట్టీలు ఉన్నాయి. ఇంజనును ముఖం లోపలికి పెట్టి తోస్తే బొడిపెలు పోయి పట్టీలకు ఆనుతాయి. ఆ దారినే కరెంటు లోపలికి పోయేది. టిక్కుమని చప్పుడు వచ్చేదాకా తోసినావా? తోసినాక పద్నాలుగు గంటలు కదిలించకూడదు.

ఇంకొకటి. టార్చి బల్బుకు రెండు తీగలు చుట్టి, ఆ తీగలు పట్టీలకు ఆనించి చూడు. వెలిగితే షెడ్డు మంచిది. బొడిపెలకు పచ్చ చిలుము, మురికి పట్టిందేమో కూడా చూడు. షెడ్డు మీది ఎర్ర దీపాన్ని నమ్మొద్దు. అది గోడ నుంచి కరెంటు వచ్చిందని చెప్తుంది, ఇంజనులోకి పోయిందని చెప్పదు. దాన్ని ఆ చోట పెట్టింది నా తప్పే.

అది నా ఇంజను కాదు. నీది. మా అమ్మ, మీ అజ్జి, పోయినాక ఇల్లు సర్దుతాంటే అటకమీద దొరికింది. చాలా సామాన్లు ఇచ్చేసినాను. నీ వస్తువు నీకు చేరల్లని పంపినాను.

సేతుమాధవరావు


ఎమ్మిగనూరు,
24 జులై 1983

సేతు కాకకు నమస్కారాలు.

మీరు చెప్పినట్టే చేశాను. బల్బు వెలిగింది, కాబట్టి షెడ్డు బాగుంది. ఇంజను టిక్కుమనేదాకా తోశాను. శనివారం సాయంత్రం ఆరు నుంచి ఆదివారం ఎనిమిది దాకా కదిలించలేదు. వారం మధ్యలో ఇక్కడ కరెంటు అన్ని గంటలు ఉండదు, అందుకే శనివారమే పెడుతున్నాను. బొడిపెలకు చిలుము లేదు, తుప్పు లేదు, మురికి లేదు. అయినా కదల్లేదు.

మిగతా రోజుల్లో దాన్ని గూట్లో పెడుతున్నాను. నేను స్కూల్లో ఉన్నప్పుడు సావిత్రమ్మ దుమ్ము దులుపుతుంది. శుక్రవారం మగ్గానికి పూజ చేసి, ఒక నూరువరహాల పువ్వు దీనికీ పెడుతుంది. నాకు మొహమాటంగా ఉండి, "ఇది ఆడుకునే బొమ్మ సావిత్రమ్మా" అన్నాను. "అట్లనొద్దు టీచరమ్మా. చక్రమున్న ప్రతిదీ పనిముట్టే. మగ్గానికి పూజ చేసి దానికి చేయకుంటే అది సిన్నబుచ్చుకోదా? సెప్పు" అంది.

నా తరగతి పిల్లల్లో ముప్పైమంది రైలు చూడనేలేదు. కృపమ్మ అనే అమ్మాయి, రైలు ఆగినప్పుడు ఊపిరి పీలుస్తుందా అని అడిగింది. ఈ ఇంజను బాగైతే స్కూలుకు తీసుకుపోవచ్చు.

ఇల్లు సర్దుతున్నానన్నారు. ఇల్లు వదిలేస్తున్నారా? మీరు వెళ్లిపోతే ఎక్కడికి రాయాలో తెలియాలి కదా, అందుకని అడిగాను.

తార


ఆదోని,
1 ఆగస్టు 1983

చి. తారకు దీవెనలు.

నేను యాడికి పోతాను? సామాన్లు ఇచ్చేసినానంటే అమ్మ మడి బిందెలు, పాత పెట్టెలు ఇచ్చినాను. ఇల్లు ఇల్లే. ఒక్కడికి మూడు గదులు. మాట్లాడితే గొంతు నాకే తిరిగొస్తుంది.

ఇప్పుడు రెండో పరీక్ష. ఇంజను పైమూత తీస్తే మోటారుకు రెండు తీగలు కనపడతాయి, ఎరుపు ఒకటి, నలుపు ఒకటి. సెల్లుల నుంచి వాటిని విడదీసి, బయట మూడు టార్చి సెల్లులు వరసగా పెట్టి ఆనించు. చక్రాలు తిరిగితే మోటారు మంచిది. అప్పుడు మిగిలేది సెల్లులు ఒకటే. వాటికి కూడా మనుషుల మాదిరే, చాలా కాలం ఒట్టిగా పెడితే తీసుకునే గుణం పోతుంది.

పక్కింటి దుర్గప్ప, డ్రైవరుగా చేసి రిటైరైనవాడు, రోజూ వచ్చి గడపలో కూర్చుంటాడు. నీ జాబు చదివి వినిపిస్తే, "ఏం సామీ, ముప్పై ఏండ్లు మెయిలు బండి వెలిగించినావు, జానెడు ఇంజను నీ సేతిలో సచ్చిపాయనే" అంటాడు. నవ్వినాను. పని చేతకాకపోతే వచ్చే నవ్వు అది.

మోటారు చుట్టినది నేనే. అది తిరగకపోతే నాకు చెప్పేదానికి సందేహించొద్దు.

సేతుమాధవరావు


ఎమ్మిగనూరు,
14 ఆగస్టు 1983

సేతు కాకకు నమస్కారాలు.

మోటారు తిరిగింది. తీగలు ఆనించగానే చేతిలోనే గిర్రున తిరగడంతో నేను భయపడి వదిలేశాను. మీరు చుట్టింది బాగుంది.

ఒక మాట. మీరు దీనికోసం చాలా శ్రమ పడుతున్నారు. టార్చి సెల్లులతో నడుస్తోంది కదా, వాటితోనే నడుపుకుంటాను. అవి ఇక్కడ అంగట్లో దొరుకుతాయి. మీరు ఇక కష్టపడొద్దు.

వానలు లేవు. రాత్రి భోజనం అయ్యాక చదువుకోవడం తప్ప పని ఏమీ ఉండదు. స్కూల్లో టీచర్లందరూ ఊరివాళ్లే, గంట కొట్టగానే ఇళ్లకు పోతారు. నేను లైబ్రరీ బీరువా తాళం వేసి మెల్లగా వస్తాను. ఇక్కడ మగ్గాల చప్పుడు తప్ప వేరే చప్పుడు ఉండదు. అజ్జి ఇంట్లో పడుకుంటే గూడ్సు బండి వినపడేది. అది ఆగాక నిద్రపోయేదాన్ని.

తార


ఎమ్మిగనూరు,
18 సెప్టెంబరు 1983

సేతు కాకకు నమస్కారాలు.

నెల దాటింది. మీ నుంచి జాబు లేదు. ఒంట్లో బాగుందా? నేను ఆగస్టులో రాసిన ఉత్తరం అందిందో లేదో.

టార్చి సెల్లులు కొనలేదు. ప్రతి శనివారం షెడ్డులో పెడుతూనే ఉన్నాను. లాభం లేదు.

ఒక కార్డు ముక్క రాసినా చాలు.

తార


ఆదోని,
25 సెప్టెంబరు 1983

చి. తారకు దీవెనలు.

జాబు అందింది. ఒంట్లో బాగుంది. ఇక కష్టపడొద్దని నువ్వే రాసినావు. సరేలే, నాతో పని అయిపోయిందనుకున్నాను. ఈ వయసుకు కోపం కాదు. పని అయిపోయిందనే మాట నాకు రిటైరైన రోజు ఒకసారి చెప్పినారు, అంతే.

ఆగస్టులో ఆరాధనకు మంత్రాలయం పోయినాను. బస్సు మీ ఊరి మీదుగానే పోయింది. స్టాండులో పది నిమిషాలు ఆగింది. కండక్టరు బసన్నే. "సామీ, టీచరమ్మ ఇల్లు ఇట్లే తిరిగితే నాలుగో ఇల్లు, సూసి రాపో, నేను బండి ఆపుతా" అన్నాడు. నేను దిగలేదు. దిగి ఏమని పిలవల్ల? అమ్మ పోయినప్పుడు కార్డు రాసినాను, నువ్వు రాలేదు. రాకపోవడం న్యాయమే. నిన్ను పడసాలలో వేరే ఆకు వేసి కూర్చోబెట్టిన ఇల్లు ఇది. కాన్వెంటులో ఎవరెవరితోనో కలిసి తిన్న పిల్ల వంటింటి గడప దాటకూడదని అమ్మ అంటే, నేను లోపల పీట మీద కూర్చుని తిన్నాను. లేచి వచ్చి నీ పక్కన కూర్చోలేదు. సెలవులకు నువ్వు రావడం మానేసిన సంవత్సరం నాకు అర్థమైంది. అప్పటికి రాసేదానికి మాటలు లేకపాయె.

సెల్లులు మార్చి చూస్తాము. బొంబాయిలో మా పాత స్నేహితునికి రాసినాను. వస్తే పంపుతాను. నీకు అక్కర్లేదంటే చెప్పు.

సేతుమాధవరావు


ఎమ్మిగనూరు,
2 అక్టోబరు 1983

సేతు కాకకు నమస్కారాలు.

కార్డు నాకు అజ్జి పోయిన ఇరవయ్యో రోజున అందింది. మీరు హాస్టలు చిరునామాకు రాశారు. నేను అప్పటికే అక్కడ నుంచి వచ్చేశాను. సిస్టరు దాన్ని ఇక్కడికి తిప్పి పంపింది. పదమూడోనాడు కూడా దాటిపోయాక ఎలా రావాలో, వస్తే ఏ గదిలో కూర్చోవాలో తెలియలేదు. అందుకని రాలేదు. కోపం వల్ల కాదు.

ఇది అప్పుడే రాయాల్సింది. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. మీతో ఎదురుగా మాట్లాడితే కన్నడమే వచ్చేది నాకు. రాయడం మాత్రం తెలుగే నేర్పారు. ఇంట్లో మాటలు తెలుగులో రాస్తుంటే అవి వేరే ఎవరివో అనిపిస్తాయి.

టార్చి సెల్లుల మాట మీకు శ్రమ అని అన్నాను. వేరే ఉద్దేశం లేదు. కొత్త సెల్లులు పంపండి. ఎంత ఆలస్యమైనా సరే.

తార


ఆదోని,
19 అక్టోబరు 1983

చి. తారకు దీవెనలు.

కొత్త సెల్లులు వచ్చినాయి. బసన్న చేతికిస్తాండాను. పాతవి తీసి, వాటి వరస ఎట్లుందో చూసుకుని, అదే వరసలో వీటిని పెట్టు. ఒక సెల్లు తిరగబడినా మిగతా మూడింటి బలం తినేస్తుంది.

కార్డు సంగతి చదివినాను. హాస్టలుకు రాసినది నా పొరపాటు. నీకు ఉద్యోగం వచ్చిందని బసన్న చెప్పేదాకా తెలియకపోవడం అంతకంటే పెద్ద పొరపాటు.

దసరా జరిగింది. ఒక్కడే ఉన్నా ఆయుధపూజ నాడు మీటరు, సుత్తి, పటకారు కడిగి బొట్టు పెట్టినాను. డిపోలో ఉన్నప్పుడు ఆ పండగ గొప్పగా చేసేవాళ్లం. బ్యాటరీ రూములో వరసగా నూరు సెల్లులు, ప్రతి దానికి గంధం, పసుపు, కుంకుమ. మా మాదన్న భక్తి ఎక్కువై కొమ్ముల మీదనే పూసేవాడు, తీగలు బిగించే చోటనే. నేను కొత్తగా చేరిన సంవత్సరం దాన్ని తుడవకుండానే బిగించి పంపినాము. ఆ రాత్రి ఒక పెట్టె మొత్తం చీకటిగా పోయింది. పసుపు ఎండితే పింగాణీ మాదిరి అవుతుంది, కరెంటును పోనివ్వదు. ఆ మరుసటి సంవత్సరం నుంచి పండగ మరునాడు పొద్దున మొదటి పని, దండం పెట్టుకుని బొట్లు తుడిచేది. మాదన్న తుడుస్తా కండ్లనీళ్లు పెట్టుకునేవాడు. "సామీ, ఆడపిల్ల బొట్టు తుడిసినట్లుంది" అని. పాపం వాడు.

నీకు ఇవన్నీ ఎందుకు రాస్తాండానో. మాట్లాడేదానికి ఎవరూ లేకుంటే పాత డిపో గుర్తుకొస్తుంది.

కాక


ఎమ్మిగనూరు,
23 అక్టోబరు 1983

(రాసి, పోస్టు చేయని ఉత్తరం)

కాకా,

నిన్న మీ ఉత్తరం చదువుతూ మాదన్న దగ్గర ఆగిపోయాను. లేచి గూట్లోంచి ఇంజను తీసి చూశాను.

సావిత్రమ్మ ప్రతి శుక్రవారం దానికి పువ్వుతో పాటు బొట్టు కూడా పెడుతోంది. దీపం కింద ఉన్న రెండు బొడిపెలు ఆవిడకు కళ్ల మాదిరి కనిపించాయి. ఒక్కో కంటికి పసుపు, దాని మీద కుంకుమ. నేను రోజూ చూస్తూనే ఉన్నాను. మురికి ఉందా అని మీరు అడిగారు. లేదని రాశాను. మన ఇంట్లో ఎవరికైనా పసుపు కుంకుమ మురికి అని తోస్తుందా? శుక్రవారం బొట్టు, శనివారం చార్జింగు. మూడు నెలలు ఇదే జరిగింది.

తడి గుడ్డతో తుడిచాను. గరుకు కాగితంతో రుద్దాను. పాత సెల్లులే, కొత్తవి పొట్లం కూడా విప్పలేదు. పద్నాలుగు గంటలు పెట్టాను. పొద్దున తీస్తే లోపల గోరువెచ్చగా ఉంది. కింద పెట్టగానే వెళ్లిపోయింది. వసారా దాటి మగ్గం గుంట దాకా పోయింది, ఓబులేసు కాలు అడ్డం పెట్టి ఆపాడు. సావిత్రమ్మ చప్పట్లు కొట్టింది. గంటకు పైగా నడిచింది.

నేను నవ్వాను. తర్వాత గదిలోకి వచ్చి కూర్చున్నాను. ఇది బాగైందని రాస్తే మీరు "సంతోషం" అని ఒక కార్డు రాస్తారు. ఆ తర్వాత రాయడానికి మన మధ్య ఏముంది?


ఎమ్మిగనూరు,
24 అక్టోబరు 1983

సేతు కాకకు నమస్కారాలు.

కొత్త సెల్లులు అందాయి. మీరు చెప్పిన వరసలోనే పెట్టాను. పద్నాలుగు గంటలయ్యాక తీస్తే ఇంజను గోరువెచ్చగా ఉంది, కానీ కదల్లేదు. ఇంకేం చూడాలో రాయండి.

మాదన్న సంగతి బాగుంది. డిపో సంగతులు ఇంకా ఉంటే రాయండి.

తార


ఆదోని,
31 అక్టోబరు 1983

చి. తారకు దీవెనలు.

జాబు చేరింది. రెండుసార్లు చదివినాను.

దీనితో పాటు ఒక కార్డు పెట్టినాను. డిపోలో ప్రతి బ్యాటరీకి ఇట్లాంటిది ఒకటి వేలాడేది. తేదీ, ఎన్ని గంటలు, తీసినాక ఎట్లుంది, అని మూడు గళ్లు. నాలుగు వారాలు రాసి పంపు. అప్పుడు ఏమైనా చెప్పగలను. తొందర లేదు.

డిపో సంగతులు అడిగినావు. ఎవరూ అడిగింది లేదు ఇంతవరకు. మా డిపోలో పెట్టెకు జబ్బు చేస్తే దాని మీద సుద్దముక్కతో "సిక్" అని రాసేవాళ్లం. రాస్తే ఆ పెట్టె బండికి తగిలించకూడదు, పక్క లైనులో నిలబెట్టల్ల. ఒకసారి ఉగాది ముందర మాదన్నను పెట్టెతో పాటు దూరం పంపాల్సి వచ్చింది. ఇంట్లో భార్య, చిన్న బిడ్డ. పొద్దున పోయి చూస్తే పెట్టె మీద ఇంత పెద్దగా "సిక్" అని ఉంది. పెట్టెకు ఏ జబ్బూ లేదు. సుద్దముక్క మాదన్న జేబులో ఉంది. నేను చూసినాను. చూసి, రెండు రోజులు ఆ జబ్బే వెతికినాను.

చలి మొదలైంది. దుప్పటి ఉందా?

కాక


ఎమ్మిగనూరు,
27 నవంబరు 1983

కాకకు నమస్కారాలు.

కార్డు నింపి పంపుతున్నాను. నాలుగు వారాలు అయ్యాయి. ప్రతిసారీ పద్నాలుగు గంటలే పెట్టాను. ప్రతిసారీ "కదల్లేదు" అనే రాయాల్సి వచ్చింది.

దుప్పటి ఉంది. సావిత్రమ్మ నేసిందే ఒకటి ఇచ్చింది, అంచు కొంచెం వంకరగా వచ్చిందట, అందుకే అమ్మలేదట. నాకు ఆ వంకరే బాగుంది.

మాదన్న ఉగాదికి ఇంట్లో ఉన్నాడా?

తార


ఆదోని,
1 డిసెంబరు 1983

తారా,

మాదన్న ఉగాదికి ఇంట్లోనే ఉన్నాడు. నాకు ఒబ్బట్లు తెచ్చిచ్చినాడు.

కార్డు చూసినాను. ఇట్లాంటివి ఎన్ని వేలు చూసినానో లెక్కలేదు. వారం వారం రాసిన కార్డుకు నాలుగు రకాల సిరా ఉంటుంది, వేలిముద్రలుంటాయి, ఒక మూల మడత ఉంటుంది. నీ కార్డు ఒకేసారి కూర్చుని రాసింది. అక్షరాలు మాత్రం ముత్యాల మాదిరి ఉన్నాయి.

ఇంకొకటి. కరెంటు లోపలికి పోని సెల్లు వేడెక్కదు. నిండినాకనే అది గోరువెచ్చగా అయ్యేది. మోటారు మంచిదని ఆగస్టులో నువ్వే తేల్చినావు. మంచి మోటారు, నిండిన సెల్లులు. నీ ఇంజను అక్టోబరు నుంచే నడుస్తాంది. లోపం ఏమిటో నాకు తెలియదు, పోయిందని తెలుసు.

నీ అక్టోబరు జాబు చదివిన రోజు దుర్గప్పకు ఈ సంగతి చెప్పలేదు. గడపలో కూర్చుని, "ఏం సామీ, ఇంకా లేయలేదా నీ ఇంజను?" అంటే, "లేయలేదప్పా, ఇంకా నాలుగు వారాలు పడుతుంది" అన్నాను. నాలుగు వారాలు నీ కార్డు కోసం ఎదురు చూసే పని ఉంటుందని, లోపం లేదని తెలిసీ కార్డు పంపినాను. మాదన్న ఒక్కడే కాదు, సుద్దముక్క నా జేబులో కూడా ఉంది.

కాని డిపోలో ఒక రూలు ఉండేది. "సిక్" అని రాసినాక ఆ పెట్టెను ఊరికే విడిచిపెట్టకూడదు. షెడ్డుకు తేవల్ల. జబ్బు ఉందా లేదా అని వాదించేది లేదు, తెచ్చేది తేవల్సిందే.

మన ఇంట్లో ప్లగ్గు పడసాలలో ఒకటే ఉండేది, నీకు గుర్తుంటుంది. దాని కిందనే నీకు ఆకు వేసేవాళ్లు. మొన్న కరెంటు పని చేసే తిమ్మన్నను పిలిపించి వంటింట్లో ఒక ప్లగ్గు పెట్టించినాను, నేను తినే పీట పక్క గోడకు. "సామీ, వంటింట్లో ప్లగ్గెందుకు, మిక్సీ కొంటాండారా?" అన్నాడు. "కాదప్పా, రైలొస్తాంది" అన్నాను. పద్నాలుగు గంటలు చార్జి చేయల్లంటే రాత్రి ఉండక తప్పదు.

రెండో పీట కడిగి ఎండలో పెట్టినాను.

కాక


ఎమ్మిగనూరు,
5 డిసెంబరు 1983

కాకా,

ఇంజనుకు వచ్చిన జబ్బు బొట్టు. రెండు బొడిపెలకూ పసుపు కుంకుమ, సావిత్రమ్మ భక్తి. మీరు మాదన్న సంగతి రాసిన రోజే తెలిసింది. ఆ రోజు రాసి వేయని ఉత్తరం ఒకటి ఉంది. చేతికే ఇస్తాను.

సావిత్రమ్మకు ఇప్పటిదాకా చెప్పలేదు. ప్రతి శుక్రవారం ఆవిడ పెడుతోంది, ప్రతి శనివారం నేను తుడుస్తున్నాను. మొన్న శుక్రవారం పెట్టింది తుడవలేదు. వచ్చే శుక్రవారం పెట్టేది కూడా తుడవను. అబద్ధం చెప్పి తేవడం ఎందుకు? ఇప్పుడది నిజంగానే సిక్.

శనివారం స్కూలు ఒక పూటే. ఒంటిగంట బస్సుకు బయలుదేరతాను. బసన్న బండే. గరుకు కాగితం మీ దగ్గర ఉంటే తీసి పెట్టండి, నాది అరిగిపోయింది.

మీరు స్టాండుకు రావద్దు. ఆ బస్సుకు ఆదోనే ఆఖరు, నేను దిగక తప్పదు.

తార